ఇంజను చప్పుడులో అవ్వ అభిప్రాయం

ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో ఒక మనిషి అభిప్రాయం తెలుసుకోవాలంటే అతన్ని అడగాల్సిన పనే ఉండేది కాదు. ఎవరి జీపులోంచి దిగాడో, ఎవరింట పెళ్ళికి పోకుండా ఎగ్గొట్టాడో చూస్తే చాలు. ఓటు ఎవరికి వేస్తాడో, మంచినీళ్ళ బోరు ఏ వీధిలో పడాలనుకుంటున్నాడో, ఆఖరికి పిల్లను ఏ ఊరికిస్తాడో కూడా తెలిసిపోయేది. అట్లాంటి చోట ఇంటింటికీ పోయి "మీ అభిప్రాయం ఏమిటండీ?" అని అడిగే ఉద్యోగం నాకు దొరికింది. దొరికింది అనడం నా గొప్ప కోసమే. ఆ పనికి మనుషులు కావాలని తెలియగానే మాతో చదివిన మగపిల్లలందరికీ ఉన్నట్టుండి ఇళ్ళల్లో అర్జెంటు పనులు తగులుకున్నాయి. మిగిలింది నేను.

నాది జమ్మలమడుగు. మా నాన్న మిషన్ బళ్ళో అయ్యవారు. ప్రొద్దుటూరులో డిగ్రీ పూర్తిచేసి, టీచరు ట్రైనింగులో సీటు కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో తిని కూర్చునే విద్యను శ్రద్ధగా నేర్చుకుంటున్న ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒక సర్వే సంస్థ దిగింది. నీళ్ళు, బస్సులు, ఆసుపత్రి, రేషను బియ్యం, పోలీసులు, చివర్లో ఓటు, వీటన్నిటి మీదా జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలట. మాకు శిక్షణ ఇవ్వడానికి గుంటూరు వైపాయన ఒకాయన వచ్చాడు. పూటకు నూరుసార్లు 'రాండమ్' అనేవాడు కాబట్టి ఆయన మాకు రాండమ్ సార్ అయిపోయాడు. ఎవర్ని అడగాలో మనం ఎంచుకోకూడదు, వాళ్ళూ ఎంచుకోకూడదు. ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయి, లెక్కలో వచ్చిన ఇంట్లోనే ఆగాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళందరి పేర్లూ చీటీల మీద రాసి ఒకటి తీయించాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళే చెప్పాలి, వాళ్ళు చెప్పేటప్పుడు మూడో మనిషి వినకూడదు. "విన్నది మీరు చచ్చినా బయటపెట్టకూడదండమ్మా" అన్నాడాయన. 'చచ్చినా' అనే మాట ఆయన ఊరికే అలవాటు కొద్దీ వాడాడు. కక్షలకు పేరుపడ్డ కొండాపురం వైపు పల్లెలు నా వంతుకు వచ్చాయి కాబట్టి నేను దాన్ని కొంచెం ఇంకో రకంగా విన్నాను.

మొదట్లో పని బాగానే సాగింది. ప్రొద్దుటూరు బంగారంగళ్ళ వీధిలో ఒక సేటు తూకం మీదినుంచి చూపు తిప్పకుండానే "ఓటా? అడిగేటోళ్ళు ఎవరైతే వాళ్ళకేనమ్మా. ఇప్పుడు నువ్వడుగుతాండావు, నీకే" అని నా మొహం కందగడ్డ చేశాడు. పులివెందుల వైపు ఒక ఊళ్ళో టీకొట్టాయన అదే ప్రశ్నకు నన్ను పైనుంచి కిందికి చూసి "బస్సు దిగకముందే తెలుసుకోనొచ్చింటావులే అనుకున్యా" అన్నాడు. ప్రశ్నలు రాసిన మహానుభావుడెవరో గానీ 'మీ గ్రామమందలి మౌలిక వసతుల పట్ల మీ సంతృప్తి స్థాయి ఏది?' అని రాసిపెట్టాడు. లింగాల దగ్గర ఒక ముసలాయన ఆ ప్రశ్నను రెండుసార్లు చదివించుకుని, "అట్లాంటి స్థాయి మా ఊర్లో లేదు తల్లీ. సింహాద్రిపురంలో దొరుకుతాదేమో అడిగిచూడు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను "నీళ్ళు బాగా వస్తాండాయా? ఆస్పత్రిలో సూదేస్తాండారా?" అని మన భాషలో అడగడం మొదలుపెట్టాను. (ఈ సంగతి రాండమ్ సార్‌కు చెప్పలేదు. ఆయనకు ఆ స్థాయి అంటే ప్రాణం.)

ఇక కొండాపురం అవతలి ఆ ఊరు. రెండు వీధులు, రెండు వర్గాలు. పై వీధికి ఒక పెద్దాయన, కింద వీధికి ఇంకొకాయన. ఆ ఊరి పేరు చెప్పగానే మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ ఊరికా? ఆడ కోళ్ళు కూడా రెండు పార్టీలంటనే! ఈ వీధి కోడి ఆ వీధిలో గింజ ముట్టదంట" అంది. మా నాన్న మాత్రం పేపరు దించకుండా "అడిగేదానికి పోతాంది గానీ కొట్లాడేదానికి కాదు గదా. పోయిరానీ" అన్నాడు. అని, ఆ పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని గమనించుకోలేదు.

పొద్దున బస్సు దిగాక రాండమ్ సార్ కింద వీధికి పోయాడు, నేను పై వీధికి. లెక్క ప్రకారం వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు. "పెద్దాయన్ను అడుగు పాపా." నీళ్ళ గురించి అడిగితే పెద్దాయన్ను అడుగు, బడి గురించి అడిగితే పెద్దాయన్ను అడుగు. ఒకామెను విసుగుపుట్టి "కూరేం చేసినావక్కా?" అంటే దానికీ ఒక్క క్షణం ఆలోచించింది. ఫారాల్లో 'చెప్పలేం' అనే గడి తప్ప ఇంకో గడి నిండడం లేదు. ఇట్లా వీధి చివరికి వచ్చేసరికి లెక్క ఎక్కడ పడిందయ్యా అంటే, జీపు నిలబెట్టి ఉన్న పెద్ద మిద్దె ముందు పడింది.

పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, గుబురు మీసం. చుట్టూ నలుగురైదుగురు మనుషులు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేకపోయినా ఏవో ఉన్నట్టే అనిపించే మనుషులు. నేను వస్తున్న సంగతి ఆయనకు ముందే చేరిపోయింది.

"రా పాపా. ఎండలో ఊరంతా తిరిగేదెందుకు? ఈడ కూచ్చో. మజ్జిగ తాగు. నేను చెప్తా, నువ్వు రాసుకో. నా మాటే ఊరందరి మాట."

"అట్ల కుదరదు పెద్దనాయనా" అన్నాను. (మా వైపు పరాయివాళ్ళతో వరస కలిపేసుకోవడమే మర్యాద. పైగా భయమేసినప్పుడు వరస ఇంకా గట్టిగా కలుస్తుంది.) "ఇంట్లో పెద్దోళ్ళందరి పేర్లూ చీటీలేసి తీయాల. ఎవరి పేరొస్తే వాళ్ళే చెప్పాల."

ఆయనకు అదేదో ఆటలాగా తోచింది. నవ్వుతూ పేర్లు చెప్పాడు. నేను చీటీలు మడిచి మజ్జిగ తాగిన గ్లాసులో వేసి ఊపాను. ఆయనే తీశాడు. విప్పి, చేతిని దూరంగా చాపి పట్టుకుని పైకే చదివాడు. ఆ పేరు వినగానే వసారాలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక మనిషి పక్కవాడిని "ఎవరబ్బా ఆయమ్మ?" అని అడగడం నాకు వినిపించింది.

"మా అమ్మరా!" అని గర్జించాడు పెద్దాయన. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచి ఎన్ని ఏళ్ళయిందో. తర్వాత నా వైపు తిరిగి "ఆయమ్మకేం తెలుసు పాపా? దానికితోడు చెవుడు. ఉండు, ఇంకోసారి తీస్తా" అని గ్లాసు మీదికి చెయ్యి చాపాడు.

నేను గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ చెయ్యి నాదేనా అనిపిస్తుంది. "ఒగసారే తీయాల పెద్దనాయనా. ఇంకోసారి తీస్తే అది రాండమ్ కాదు."

"రాండమ్మంటే ఏంది?"

రాండమ్ సార్ చెప్పిన నిర్వచనం ఇంగ్లీషులో ఉండేది, అది సమయానికి గుర్తురాలేదు. నోటికొచ్చింది చెప్పాను. "అంటే... దీంట్లో ఎవరి పెద్దరికమూ చెల్లదు పెద్దనాయనా."

వసారాలో ఒక మనిషికి పొలమారింది. పెద్దాయన నా మొహం చూశాడు, గ్లాసు మీది చెయ్యి చూశాడు, చివరికి "సరే, అడుగుపో" అని లోపలికి చూపించాడు.

అవ్వ లోపలి నట్టింట్లో గోడకు ఆనుకుని కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. సన్నగా, చువ్వలాగా ఉంది. నేను పక్కన చేరి గట్టిగా "ఊర్లో నీళ్ళు బాగా వస్తాండాయా అవ్వా?" అన్నాను. "పిల్లలా? ఐదుమంది పుట్టినారు. ముగ్గురుండారు" అంది అవ్వ. మళ్ళీ అడిగాను, ఇంకా గట్టిగా. ఈసారి బయటినుంచి ఒక గొంతు "నీళ్ళంట అవ్వా, నీళ్ళు!" అని సాయం చేసింది. తిరిగి చూస్తే కిటికీ చువ్వల సందున ముగ్గురి మొహాలు, గడప దగ్గర పెద్దాయన. నేను లేచి వాళ్ళను వసారాలోకి పంపించాను, వసారాలోంచి వీధిలోకి పంపించాను. ఏం లాభం? నేను అరిచే ప్రశ్నలు కింద వీధి దాకా వినిపిస్తున్నాయి. రహస్యంగా అడగాల్సిన అభిప్రాయ సేకరణ కాస్తా దండోరా అయిపోయింది.

అవ్వకు నా అవస్థ అర్థమైంది. నేను వేలు పెదాల మీద పెట్టి, చెవులు మూసి, కిటికీ చూపించి, సైగలతో రహస్యం అనేది ఏమిటో చెప్పాను. అవ్వ ఒళ్ళోని పొట్టు దులిపేసుకుని కర్ర అందుకుంది.

"ఇట్లరిస్తే రహస్యమెట్లయితాది? పా, తోట కాడికి పోదాం. ఆడ డీజిలింజను ఆడుతాంటాది. పక్కనోడి మాట పక్కనోడికి వినపడదు."

"మరి నీకెట్ల వినపడతాదవ్వా?" అని ఆమె చెవిలో నోరు పెట్టి అడిగాను.

"చెవిలో చెప్తే వినపడతాది గదా. ఇంజనున్నా లేకున్నా నాకొకటే" అంది.

అట్లా బయల్దేరాం. ముందు కర్ర పొడుచుకుంటూ అవ్వ, పక్కన ఫారాలు గుండెకు అదుముకుని నేను, వెనకాల బాగా దూరంగా పెద్దాయన, ఆయన మనుషులు, వాళ్ళ వెనక రెండు కుక్కలు. చీనీ తోటలో (బత్తాయిని మా వైపు చీనీ అంటారు) ఇంజను డుబడుబమని నేలంతా అదిరేట్టు ఆడుతోంది. ఇద్దరం నీళ్ళ తొట్టి గోడ మీద కూర్చున్నాం. మగవాళ్ళను అవతలి గట్టు మీదే ఆగమని చెయ్యి చూపించాను. ఆగారు. నేను అవ్వ చెవి దగ్గర ఒక్కో ప్రశ్నా అరవడం, అవ్వ నా చెవి దగ్గర జవాబు చెప్పడం. ఆమె జవాబులు గడుల్లో పట్టేవి కావు. నీళ్ళ గురించి అడిగితే తను కాపురానికి వచ్చిన నాటినుంచి మొదలుపెట్టింది. ఆసుపత్రి దగ్గర ఒకసారి ఆగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పోలీసుల దగ్గర బోసినోటితో పగలబడి నవ్వింది. "ఇది చదివేటోళ్ళకు నేనెవరో తెలుస్తాదా?" అని అడిగింది. పేరుండదు అవ్వా అన్నాను. "పేరు లేకుంటే మేలు. ఈ ఊర్లో పేరు కోసమే గదా ఇన్ని సావులు" అని, ఇంకా దగ్గరికి జరిగి కూర్చుంది. "బువ్వ తిన్యావా అనేది తప్ప నన్నింతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు పాపా. అడుగు, అడుగు."

గట్టు మీద పెద్దాయనకు ఇవేవీ వినిపించవు, అన్నీ కనిపిస్తాయి. తన తల్లి ఏడవడం కనిపించింది. నవ్వడం కనిపించింది. ఊళ్ళో అన్నిటికంటే పెద్ద సమస్య ఏది అనే ప్రశ్న దగ్గర అవ్వ లేచి నిలబడి, కర్ర ఎత్తి, నేరుగా గట్టు వైపు చూపిస్తూ చాలాసేపు మాట్లాడింది. పెద్దాయన అదీ చూశాడు. చూసి, మెల్లగా గట్టు మీద చతికిలబడ్డాడు. పక్కనున్న మనిషి ఎందుకో ఆయనకు రెండడుగులు దూరం జరిగాడు.

మేము ముగించగానే పెద్దాయన ఇంజను ఆపించి, గబగబా వచ్చేశాడు.

"నన్ను చూపించింది. ఏమనింది?"

"చెప్పకూడదు పెద్దనాయనా."

"అంటే చెడ్డగా అనిందా?"

"మంచిగా అన్యా చెప్పకూడదు, చెడ్డగా అన్యా చెప్పకూడదు."

"సర్లే. నోటితో చెప్పద్దు. ఆ కాగితాలిట్లియ్యి." చెయ్యి చాపాడు. మనుషులందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇంజను ఆగిపోయిన తోటలో నా గుండె చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది. ఫారాలు వీపు వెనక దాచుకున్నాను. మాపటి బస్సు, తలకిందుల పేపరుతో మా నాన్న, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "ఈ ఊర్లో నేనడిగినాక చెప్పని మనిషి లేడు పాపా" అన్నాడు పెద్దాయన. గట్టిగా కూడా అనలేదు. అదే ఎక్కువ భయమేసింది.

"నేను ఈ ఊరి మనిషిని కాదు గదా పెద్దనాయనా" అన్నాను. "మీ అమ్మ నన్ను నమ్మి చెప్పింది. ఆమె మాట ఇప్పుడు మీకు చెప్తే, రేప్పొద్దున మీ మాట కింద వీధోళ్ళకి చెప్తా. అట్లాంటిదాన్ని మీ ఇంట్లోకి రానిస్తారా?"

అవ్వ అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, కర్రతో నేలమీద ఒకటిచ్చి "ఏమంటాండాడు వాడు?" అంది. నేను ఆమె చెవిలో అరిచి చెప్పాను, నువ్వేం చెప్పినావో చెప్పమంటాండాడని.

"నన్నే అడగమను."

పెద్దాయన ఇరుకున పడ్డాడు. ఇన్నేళ్ళకు మొదటిసారి, అంతమంది ముందర, తల్లి చెవి దగ్గరికి వంగి "ఏం చెప్పినావు మా?" అని అడిగాడు.

అవ్వ కొడుకును ఎగాదిగా చూసింది. "చెప్పకూడదంట. రూలంట" అంది.

ముందు నవ్వింది ఎవరో నాకు తెలియదు. ఎవరైతేనేం, ఆ మనిషి సాహసానికి దండం పెట్టాలి. కానీ ఆ నవ్వు ఆగకముందే పెద్దాయన కూడా నవ్వేశాడు, మీసం అదిరేట్టు, కడుపు పట్టుకుని. మనుషులకు ప్రాణం లేచొచ్చింది, నాకైతే మళ్ళీ పుట్టినట్టే అయింది. నవ్వు తగ్గాక ఆయన తొట్టి గోడ మీద, అవ్వ కూర్చున్న చోటే కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మా అమ్మ అంతసేపు ఏమేమో చెప్పిందే, నన్నూ అడుగు పాపా" అన్నాడు.

"మీ చీటీ రాలేదు పెద్దనాయనా."

"రాసుకోవద్దులే. ఊరికే అడుగు."

ఇది రాండమ్ సార్‌కు తెలిస్తే మూర్ఛపోతాడని తెలుసు. కానీ ఫారం సంచిలో పెట్టేసి అడిగాను. నీళ్ళు, బస్సు, ఆసుపత్రి వరకూ గంభీరంగా, పంచాయతీ తీర్పు చెప్పినట్టు చెప్పాడు. పోలీసుల దగ్గరికి వచ్చేసరికి నోరు తెరిచి, మూసుకుని, తన మనుషుల వైపు ఒకసారి చూశాడు. చూసి, కేక వేశాడు.

"రేయ్! ఆ ఇంజను ఆడించండిరా!"

ఇంజను ఆడింది. పెద్దాయన చెప్పాడు. ఏం చెప్పాడంటారా? ఫారంలో రాయకపోయినా ఆయన మాటకూ అదే రూలు.

ఆ సంగతి మాకంటే ముందు ఊరు చేరింది. పెద్దాయన ఎంతడిగినా ఆ పాప నోట్లోంచి మాట రాలేదంట అని. మధ్యాహ్నానికి పై వీధిలో నాకు 'చెప్పలేం' అన్న ఇళ్ళవాళ్ళే వెనక్కి పిలిచారు. మరుసటి రోజు కింద వీధివాళ్ళు రాండమ్ సార్‌కు మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, మాకూ ఆ పాపనే పంపమన్నారు. ఆయన ముందు రోజంతా తిరిగితే దొరికింది 'చెప్పలేం', ఒక పచ్చిమిరపకాయ బజ్జీ, దానివల్ల కడుపునొప్పి. నేను పోయేసరికి కింద వీధిలో ఎవరి ఇంజను వాళ్ళు సిద్ధం చేసుకుని ఉన్నారు. ఒకామె కోడలిచేత రోట్లో రోకలి వేయించింది. ఒకాయన పిండిమిషను దగ్గరికి నడిపించాడు. ఇంకొకామె ఓటు ప్రశ్న రాగానే చంటిబిడ్డను గిల్లి ఏడిపించి, ఆ ఏడుపులో చెప్పేసి, మళ్ళీ ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది.

జిల్లా మొత్తంలో 'చెప్పలేం' గడి తక్కువ నిండింది ఆ ఊరి ఫారాల్లోనేనని రాండమ్ సార్ ప్రొద్దుటూరులో అందరి ముందూ చదివి వినిపించాడు. "ఇదెలా సాధ్యమైందండమ్మా?" అన్నాడు. నేను తల వంచుకుని పెన్ను మూత బిగించుకున్నాను. హైదరాబాదు ఆఫీసు నుంచి మాత్రం ఒక సందేహం వచ్చింది. సంభాషణ జరిగిన స్థలం అనే చోట 'ఇంజను పక్కన' అని రాశారు, ఇంటర్వ్యూ రైల్లో జరిగిందా, అని. మా నాన్న చర్చిలో కనపడిన ప్రతివాళ్ళకూ "మా పాప ఆ ఊరి పెద్దాయన మొహం మీదే చెప్పనని చెప్పింది" అని చెప్పుకున్నాడు. ఆ మాటలోని తిరకాసు ఆయనకు పట్టలేదు.

ఇప్పుడు ఆ ఊరు లేదు. రిజర్వాయరు నీళ్ళ కింద రెండు వీధులూ కలిసిపోయాయి. అవ్వ ఆ నీళ్ళు రాకముందే పోయింది, పెద్దాయన కాలనీకి మారాక పోయాడట. పోయినేడాది కారులో ఆ దారిన వస్తూ నీళ్ళ ఒడ్డున కాసేపు ఆగాం. ఎండలో ఆ నీళ్ళు నిశ్చలంగా, ఎవరి పక్షమూ కానట్టు మెరుస్తున్నాయి. మా ఆయన పెళ్ళయిన కొత్తలో అడిగినట్టే మళ్ళీ అడిగాడు. "ఇప్పుడైనా చెప్పరాదూ, ఆ అవ్వ కర్ర చూపించి ఏమందో? వినేవాళ్ళు ఎవరున్నారిక్కడ?" నేను నవ్వి కారెక్కాను. మీరూ అడగబోతున్నారని తెలుసు. ఏమీ అనుకోకండి.

దారి పొడవునా ఆ పిల్లే గుర్తొచ్చింది. గ్లాసు మీద అరచెయ్యి పెట్టిన పిల్ల. నేను ఈ ఊరి మనిషిని కాదు గదా అన్న పిల్ల. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన నేను ఇప్పుడు కూరగాయలమ్మి ఒక పుచ్చు వంకాయ వేస్తే తీసెయ్యమనడానికి మొహమాటపడతాను. కారు తోలే అబ్బాయి సీటు బెల్టు పెట్టుకోడు, ఫోనులో మాట్లాడుతూనే ఉంటాడు, వెనక కూర్చుని దేవుణ్ణి తల్చుకుంటానే గానీ ఒక్క మాట అనను. ఆ పూట మాత్రం, ఆ పిల్ల ముందు మరీ తలవంపులుగా ఉంటుందనిపించి, గొంతు సవరించుకుని "నాయనా, ఫోను పక్కన పెట్టి బెల్టు పెట్టుకో" అన్నాను. అద్దంలోంచి నన్ను ఆశ్చర్యంగా చూసి, పెట్టుకున్నాడు. జమ్మలమడుగు వచ్చేదాకా నేను మహా గర్వంగా కూర్చున్నాను.